ముందే చూపించిన మనిషి

నాచారం,
9 సెప్టెంబరు 2007

తమ్ముడు ఉపేందర్‌కు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఇన్నేళ్ళ అలవాటు. ఈసారి చెయ్యి రావడం లేదు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డొస్తావు, నేను ఏడుస్తాను, ఇద్దరం పెట్టేస్తాం. అందుకే కాగితం తీసుకున్నాను.

అమ్మ పదకొండో రోజున చుట్టాలందరి ముందు నువ్వు నన్ను అడిగావు, "గప్పుడు నువ్వేం జేస్తున్నవక్కా" అని. నేను లోపలికి వెళ్ళిపోయాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మా నేనూ కూరగాయలు కొనుక్కుని వస్తున్నాం. నా జాకెట్టు కుట్టడం అయిందో లేదో అడుగుదామని దర్జీ దుకాణం ముందు ఆగాను. "నేను మెల్లగ నడుస్త, నువ్వు రా" అని అమ్మ ముందుకు వెళ్ళింది. అంతే. నేను చేస్తున్నది అదే, జాకెట్టు గురించి అడుగుతున్నాను. బండి మా వెనక నుంచి వచ్చింది. నడిపేవాడికి హెల్మెట్ ఉంది. వెనక కూర్చున్నవాడు పుస్తెలతాడు పట్టి గుంజాడు. అది ఒక్క గుంజుకు తెగలేదు. బండి అమ్మను కొంత దూరం ఈడ్చుకుపోయింది. తెగాక వాడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. నాకూ వాడికీ మధ్య ముప్పై గజాల దూరం ఉంటుంది. ఆ ముఖం నేను చూశాను. తర్వాత పంతొమ్మిది రోజులు దవాఖానాలో ఏం జరిగిందో నీకు తెలుసు.

స్టేషన్‌కు నాలుగుసార్లు వెళ్ళాను. ఊళ్ళో బాంబులు పేలినప్పటి నుంచి వాళ్ళందరూ ఆ పని మీదే ఉన్నారట. "చైన్ స్నాచింగా మేడం, చూస్తం" అంటున్నారు. చైన్ కాదు, మా అమ్మ పోయిందని ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తోంది.

మా కాలనీ సంఘం అధ్యక్షుడు రామచంద్రరావు గారు తెలుసు కదా, కాకినాడ ఆయన. "ఇలాంటివాళ్ళకి కోర్టులు దండగమ్మా, పట్టుకున్నచోటే కాల్చి పారేయాలి" అన్నారు. నాకు ఆ మాట తప్పుగా అనిపించలేదు. మీ జైళ్ళలో ఆదివారం కోడికూర కూడా పెడతారట కదా. వాడు దొరికితే నువ్వే వడ్డించాల్సి వస్తుందేమో.

బాపు రోజూ అమ్మ కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టెలో పెడుతున్నాడు.

నీ అక్క
త్రివేణి


ఆదిలాబాద్,
20 సెప్టెంబరు 2007

అక్కా,

నేను అడిగింది తప్పే. అడిగాక నీ ముఖం చూశాను కానీ మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. నువ్వు ఆగకపోయినా వాడు ఆ బండి మీద వచ్చేవాడే. క్షమించు.

ఇక కోడికూర సంగతి. పెడతారు. ఆ వాసన వచ్చిన రోజు బ్యారక్‌లో గొడవలు తక్కువ. పదకొండేళ్ళుగా వార్డరుగా చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. ఇప్పుడు మా దగ్గర నూట నలభై మంది ఉన్నారు. సగం కంటే ఎక్కువ మందికి ఇంకా శిక్షే పడలేదు. విచారణ కోసం ఎదురుచూస్తున్నారు. ఒకతను మేకల దొంగతనం కేసులో వచ్చి రెండేళ్ళయింది. నేరం రుజువైనా అంత శిక్ష పడదు. ఎవరూ జామీను ఉండలేదు, ఉండిపోయాడు.

కాల్చమనడం తేలిక. ఎవణ్ని కాల్చాలన్నది ముందు తేలాలి కదా. కాల్చాక పొరపాటు అని తెలిస్తే ఆ రామచంద్రరావు గారు ఏం చేస్తారు? మనుషుల్ని తప్పుగా పట్టుకొచ్చిన కేసులు నేను చూశాను. తప్పుగా వదిలేసినవీ చూశాను. రెండో దానికి జనం రోడ్డెక్కుతారు, మొదటి దానికి వాళ్ళ ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ ఏడవరు.

ఎవరైనా దొరికితే నిన్ను గుర్తింపు పరేడ్‌కు పిలుస్తారు. మేజిస్ట్రేటు ఉంటాడు. పదిమందిని వరసగా నిలబెడతారు. తొందరపడకు. ఒక్కొక్కరి ముందు ఆగి చూడు. లేడనిపిస్తే లేడని చెప్పు. అమ్మ కోసం అని ఎవరో ఒకరిని చూపించొద్దు.

బావను అడిగానని చెప్పు. ఫ్యాక్టరీలో షిఫ్టులు మారాయా? బాపుకు కొత్త చెప్పులు పంపుతున్నాను, సైజు ఎనిమిదే కదా.

ఉపేందర్


నాచారం,
21 అక్టోబరు 2007

ఉపేందర్,

దొరికాడు. పేరు ఎల్లేష్. దమ్మాయిగూడలో ఉంటాడు, సెంట్రింగ్ పని చేస్తాడట. వయసు ఇరవై నాలుగు. బండి నడిపినవాడు దొరకలేదు. వీడి మీద ఇంకా నాలుగు కేసులు పెట్టారు.

మొన్న పరేడ్ అయింది. నువ్వు చెప్పినట్టే ఒక్కొక్కరి ముందు ఆగాను. ఆరో మనిషి వాడే. చెయ్యి చాపి చూపించాను. మేజిస్ట్రేటు గారు అడిగిన వాటన్నిటికీ జవాబు చెప్పి సంతకం చేశాను. బయటికొచ్చాక బావ సోడా తాగించాడు.

కాలనీలో నన్ను చూసి ఆడవాళ్ళు ఆగి చేతులు పట్టుకుంటున్నారు. మా వీధిలో తారామణి అయితే, "నువ్వు గనక ధైర్నం జేసినవు, నేనైతే మొఖం గిట్ల తిప్పుకుందు" అంది. ఇప్పుడు అందరూ కొంగు నిండా కప్పుకుని, లోపల నల్లపూసలు మాత్రం వేసుకుని నడుస్తున్నారు. బంగారం ఉన్నవాళ్ళూ దాచుకుంటున్నారు, లేనివాళ్ళూ దాచుకుంటున్నారు.

నువ్వు నాలుగు పేజీలు చట్టం గురించి రాశావు. చదివాను. కానీ వాణ్ని చూశాక నాకు కోపం తగ్గలేదురా. వాడు మామూలు మనిషిలా ఉన్నాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

పరీక్షల పేపర్లు దిద్దాలి. ఎనిమిదో తరగతిలో నలభై ఆరు మంది, ఒక్కరికీ సంధులు రావు.

అక్క


నాచారం,
14 మార్చి 2010

తమ్ముడు ఉపేందర్‌కు,

నీకు నిజామాబాద్ బదిలీ అయ్యాక ఇదే మొదటి ఉత్తరం. క్వార్టర్స్‌లో నీళ్ళు వస్తున్నాయని రాశావు, సంతోషం. మాకు మూడు రోజులకోసారి.

కేసు సంగతి అడిగావు. ఏం రాయను. మొన్నటికి తొమ్మిదో వాయిదా. ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి ముద్దాయి తరఫు లాయరు రాలేదు. ఒకసారి నేను బోనుదాకా వెళ్ళాక ఫైలులో ఏదో కాగితం లేదన్నారు. డిసెంబరు నుంచి బందులు, కోర్టుల బహిష్కరణ. తెలంగాణ రావాలని నాకూ ఉంది, లాయర్లతో కలిసి నేనూ ఒక రోజు టెంటులో కూర్చున్నాను. కానీ ప్రతిసారీ ఉప్పల్ దాకా నడిచి, ఎల్బీనగర్ బస్సులో నిలబడి వెళ్ళి, వెనక్కి వస్తుంటే, అమ్మ చావు వీళ్ళందరికీ ఒక తేదీ మాత్రమేనేమో అనిపిస్తుంది. మా ప్రిన్సిపాల్ త్రిపురసుందరి గారు, "ఇంకా ఎన్ని సెలవులమ్మా, పదో తరగతి పిల్లలేం కావాలి" అంటున్నారు. ఆమె తప్పేముంది.

ఎల్లేష్ పద్నాలుగు నెలలు లోపలుండి బెయిలు మీద వచ్చాడు. వాడూ ప్రతి వాయిదాకూ వస్తాడు. ఎదురుగా నిలబడి ఉంటాడు. నేను గోడ చూస్తాను, వాడు కిటికీ చూస్తాడు.

ఒక సంగతి. బాపు ప్రతిసారీ నాతో వస్తాడు. నేను లోపల ఉంటే ఆయన వరండా బెంచీ మీద కూర్చుంటాడు. ఆ బెంచీ మీదే ఒక ముసలామె కూర్చుంటుంది. పేరు కౌసల్యమ్మ. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను చూశాను. ఆమె మౌలాలి వైపు ఒక హాస్టల్లో వంట చేస్తుంది. మోకాళ్ళ నొప్పులు, ఎండలు, కీసరగుట్ట జాతరలో తొక్కిసలాట, ఇవే వాళ్ళ ముచ్చట్లు. నాలుగో వాయిదాకు నాకు తెలిసింది, ఆమె ఎల్లేష్ తల్లి. బాపుతో చెప్పాను. "నాకెర్కే" అన్నాడు. "ఎర్కుండి మాట్లాడుతున్నవా" అంటే, "ఒక్కటే బెంచీ ఉన్నది బిడ్డా, యాడ కూసోవాలె" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రెండు వాయిదాలు ఆయనను తీసుకెళ్ళలేదు. ఆ రెండోసారి ఆమె వచ్చి, "పెద్దాయన పానం మంచిగున్నదా" అని నన్ను అడిగింది. బాగానే ఉందన్నాను. ఇంకేమనను?

అక్క


నిజామాబాద్,
2 ఏప్రిల్ 2010

త్రివేణి అక్కకు,

రామచంద్రరావు గారు ఫోన్ చేశారు. నువ్వూ బాపూ కోర్టు వరండాలో ముద్దాయి వాళ్ళతో కూర్చుని టీ తాగుతున్నారట. కాలనీ అంతా రాజీ అయిందని అనుకుంటున్నారట. నీ ఉత్తరం వచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి నాకెందుకు రాశావు?

ఆ తల్లి ఊరికే వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటుందనుకుంటున్నావా? సాక్షి మనసు మెత్తబడాలని కూర్చుంటుంది. నేను రోజూ తాళం వేసే ప్రతివాడూ ఏం చేయలేదనే అంటాడు. ప్రతివాడికీ మోకాళ్ళ నొప్పులున్న తల్లి ఉంటుంది. మన అమ్మకూ మోకాళ్ళ నొప్పులే ఉండేవి.

ఒకప్పుడు కాల్చమన్నది నువ్వు. ఆగమన్నది నేను. ఇప్పుడు చూడు.

రాజీ పడి ఉంటే సూటిగా చెప్పు. నేనిక ఆ కేసు గురించి అడగను.

ఉపేందర్


నాచారం,
11 ఏప్రిల్ 2010

ఉపేందర్,

రాజీ అనే మాట నీ చేతి రాతలో చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు. టీ తాగింది నిజం. బాపుకు కళ్ళు తిరిగితే ఆమే పరిగెత్తి తెచ్చింది. రామచంద్రరావు గారు అది చెప్పలేదు కదా.

సూటిగా చెప్పమన్నావు. రాజీ కాదు. అంతకంటే పెద్దది, రెండున్నరేళ్ళుగా బావకు కూడా చెప్పనిది చెబుతున్నాను.

పరేడ్‌కు మూడు రోజుల ముందు మామూలు బట్టల్లో ఇద్దరు బడికి వచ్చి, ఒక్క పది నిమిషాలని జీపులో తీసుకెళ్ళారు. ఏదో గది. ఎల్లేష్ నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "గీడే గదా మేడం" అన్నారు. నేను చూసి, "అవునేమో" అన్నాను. "ఏమో గిట్ల అంటే నడవది మేడం, జర మంచిగ సూడున్రి" అన్నారు. మంచిగా చూశాను. చాలాసేపు చూశాను. అవునన్నాను.

పరేడ్‌లో మేజిస్ట్రేటు గారు అడిగారు, ఈ వరసలో ఎవరినైనా ఇంతకుముందు మీకు చూపించారా అని. లేదన్నాను. అలా అనమని వాళ్ళు చెప్పారు. చెప్పకపోయినా అనేదాన్నేమో. వాడు చేజారిపోకూడదన్న ఒక్క ఆలోచన తప్ప నాకు అప్పుడు ఇంకోటి లేదు.

ఇప్పుడు నా బాధ వినరా. కళ్ళు మూసుకుంటే బండి మీద వెనక్కి తిరిగిన ముఖం కనబడడం లేదు. నేల మీద కూర్చున్న ముఖమే కనబడుతుంది. బండి మీద కూడా అదే ముఖం అతుక్కుపోయింది. రెండూ ఒకటేనా, ఒకదాని మీద ఒకటి నేనే పెట్టుకున్నానా, తెలుసుకునే దారి లేదు. వాడు కాదని నేను అనడం లేదు. వాడేనని అనలేకపోతున్నాను.

నీకు చట్టం తెలుసు. ఏం చేయమంటావు?

అక్క


నిజామాబాద్,
25 ఏప్రిల్ 2010

అక్కా,

ఉత్తరం చదివి చించేశాను. నువ్వూ ఎవరికీ చెప్పకు. బావకు కూడా.

రాజీ అన్నందుకు నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ ఇది వేరు. ముందు చూపించడం నేను విననిది కాదు. వాళ్ళ దగ్గర వేరే ఆధారం ఉంటుంది, పరేడ్ ఫెయిల్ కాకూడదని చూపిస్తారు. వాడి మీద నాలుగు కేసులు ఊరికే పెట్టరు. నిన్ను లాయరు ఒక్కటే ప్రశ్న అడుగుతాడు. నువ్వు ఒక్కటే మాట అనాలి. లేదు అనాలి. మేజిస్ట్రేటు ముందు అన్నదే మళ్ళీ అంటావు, కొత్తగా ఏం చేయడం లేదు. వేరేగా చెబితే వాడు అదే రోజు ఇంటికి పోతాడు. పైగా అబద్ధపు సాక్ష్యమని నీ మీదే కేసు పెట్టొచ్చు. ఉద్యోగం పోతుంది.

2007లో నేను రాసింది నాకు గుర్తుంది, తీసి చూపించకు. అప్పుడు వాడికి పేరు లేదు. ఎవరి గురించో రాసినట్టు రాశాను.

అమ్మ మొఖం యాది చేసుకొని బోనెక్కు.

ఉపేందర్


నాచారం,
18 మార్చి 2012

తమ్ముడు ఉపేందర్‌కు,

రామచంద్రరావు గారు ఈపాటికి ఫోన్ చేసే ఉంటారు. అయినా నా నోటితో వినాలి నువ్వు.

సకల జనుల సమ్మె అయిపోయి, కోర్టులు తెరిచి, జడ్జి మారి, చివరికి పోయిన నెల ఇరవై రెండున నన్ను బోనెక్కించారు. నాలుగున్నరేళ్ళు. మొదట ప్రభుత్వ లాయరు పీపీ గారు అడిగారు. అంతా చెప్పాను. దర్జీ దుకాణం, బండి, అమ్మ పడడం. తర్వాత ముద్దాయి తరఫున రాజశ్రీ అనే చిన్న వయసు లాయరు లేచింది. న్యాయ సహాయం కింద ఇచ్చారట. పది ప్రశ్నలు ఊరికే అడిగింది. ఎండ ఎటువైపు ఉంది, నాకు కళ్ళద్దాలు ఎప్పటి నుంచి ఉన్నాయి, ఇలాంటివి. కాగితాలు సర్దుకుంటూ, అలవాటుగా అడిగినట్టు అడిగింది.

"పరేడ్‌కు ముందు ముద్దాయిని పోలీసులు మీకు చూపించారు. నిజమేనా?"

నేను లేదంటానని ఆమె కూడా అనుకుంది. అప్పటికే కూర్చోబోతోంది. నాకు నీ ఉత్తరం గుర్తుంది. అమ్మ ముఖమే తలుచుకున్నాను, ఒట్టు. కానీ అమ్మ ముఖం తలుచుకుంటే లేదు అనే మాట రాలేదు.

"చూపించారు" అన్నాను.

పీపీ గారు లేచి, "సాక్షికి ప్రశ్న అర్థం కాలేదు" అన్నారు. అర్థమైందన్నాను. జడ్జిగారు కలం కింద పెట్టారు. "మేజిస్ట్రేటు ముందు లేదని చెప్పారు కదమ్మా" అన్నారు. "అబద్ధం చెప్పాను సార్" అన్నాను. "మీరు టీచరు కదా" అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా మీద చర్య తీసుకునే అధికారం ఉందని చెప్పి, అయినా తీసుకోవడం లేదని రాయించారు. పీపీ గారు నేను ఎదురు తిరిగిన సాక్షినని నన్ను మళ్ళీ గంటసేపు అడిగారు. ఎవరు బెదిరించారు, ఎవరు ఆశ చూపారు. ఎవరూ లేరు, సార్.

మొన్న పన్నెండున తీర్పు. వదిలేశారు. ముద్దాయి దగ్గర మన వస్తువేదీ దొరకలేదట. మిగిలిందల్లా నా గుర్తింపేనట. వేరే ఆధారం ఉంటుందని నువ్వు రాశావు చూడు, లేదు. అంతా నేనే.

కౌసల్యమ్మ నా వైపు రెండడుగులు వేసింది. నేను తల తిప్పుకున్నాను. సంతోషపడే మనిషిని చూసే ఓపిక నాకు లేదు.

తారామణి ఇప్పుడు పలకరించదు. మొన్న కిరాణా కొట్లో రామచంద్రరావు గారు, నాకు వినబడేలా, "చదువుకున్నవాళ్ళే ఇలా ఉంటే ఇక దొంగలదే రాజ్యం" అన్నారు.

నువ్వైనా రాయి.

అక్క


నిజామాబాద్,
29 మార్చి 2012

త్రివేణికి,

అమ్మను రెండోసారి చంపారు. మొదటిసారి ఎవరు చంపారో తెలియదని నువ్వే చెప్పావు. రెండోసారి ఎవరో నాకు తెలుసు. ఇక నాకు రాయొద్దు.

ఉపేందర్


నాచారం,
14 అక్టోబరు 2012

ఉపేందర్,

రాయొద్దన్నావు. ఏడు నెలలు రాయలేదు. అమ్మ తద్దినానికి కూడా నువ్వు రాలేదు, బాపు ఒక్కడే కార్యం చేశాడు. ఇది చదువుతావో చించేస్తావో నీ ఇష్టం.

తీర్పు తర్వాత స్టేషన్‌కు వెళ్ళాను. ఎల్లేష్ కాకపోతే ఇంకొకడు ఉన్నాడు కదా, బండి నడిపినవాడు ఉన్నాడు కదా, వెతకండి అన్నాను. కొత్త ఎస్.ఐ. మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఫైలు తెప్పించి చూశాడు. "దొరికినోన్ని మీరే ఇడిపిచ్చిన్రు గదా మేడం. ఇగ ఎవర్ని పట్టుకరమ్మంటరు" అన్నాడు. ఆ కాగితం మీద కేసు ముగిసింది అని ఉంది. నిజం చెబితే ఏదో తెరుచుకుంటుందని నేను ఎందుకు అనుకున్నానో. తలుపు మూసినట్టు అయింది. శిక్ష పడ్డా కేసు ముగిసేదే, పడకపోయినా ముగిసింది. అమ్మను ఈడ్చినవాడు ఎక్కడో అన్నం తింటున్నాడు, వాడి కోసం ఈ రాష్ట్రంలో ఎవరూ వెతకడం లేదు.

అసలు రాయాల్సింది ఇది. ఉప్పల్‌లో మెట్రో కోసం రోడ్డంతా తవ్వారు. బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. సోమవారం బడి నుంచి వస్తూ రేకుల కంచె పక్కన నిలబడ్డాను. పసుపు టోపీ పెట్టుకున్న కూలీ ఒకతను వచ్చి నా ముందు ఆగాడు.

"మేడం, గుర్తువట్టిన్రా?"

మా బడిలో చదివిన పిల్లవాడనుకున్నాను. ఏ బ్యాచ్ అని అడిగాను కూడా. అతను టోపీ తీశాడు. అప్పుడూ తెలియలేదు.

"ఎల్లేష్‌ను" అన్నాడు.

రెండడుగుల దూరం, పట్టపగలు, టోపీ లేకుండా. గుర్తుపట్టలేదురా. అంతకుముందు అతణ్ని పరేడ్‌లో చూశాను, కోర్టులో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముప్పై గజాల అవతల చూసిన ముఖాన్ని నమ్మి నేను ఒక మనిషిని కాల్చమన్నాను.

"మీ అమ్మది నేను గాదు మేడం" అన్నాడు. "వేరేయి జేసిన. రెండు జేసిన. గవి ఒప్పుకున్న, శిక్ష గూడ పడ్డది, లోపలున్న దినాలు గండ్లనే కలిపిన్రు. మీ అమ్మది మాత్రం గాదు. గిది మీకు చెప్పాలె అనిపించింది."

"నేనెట్ల నమ్మాలె?" అన్నాను.

"నమ్మకున్రి" అన్నాడు. కోపంగా కాదు. "మా అమ్మ మిమ్మల్ని యాది జేస్తది" అని చెప్పి టోపీ పెట్టుకుని పనిలోకి పోయాడు. బస్సు వచ్చింది, ఎక్కాను.

దొంగే. మన దొంగ కాదేమో. అబద్ధమే చెప్పి ఉండొచ్చు కూడా. నాకు తెలిసింది ఇంతే.

అక్క


నిజామాబాద్,
4 నవంబరు 2012

అక్కా,

నీ ఉత్తరం పదిహేను రోజుల నుంచి షర్టు జేబులో ఉంది. అమ్మను చంపావని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. ఆ మాటకు క్షమించమని అడిగే ముందు నీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. విన్నాక నువ్వే నాకు రాయొద్దంటావేమో.

ఎల్లేష్‌ను రిమాండ్‌కు పంపిన వారంలోనే, అతణ్ని పెట్టిన జైల్లో పనిచేసే నా బ్యాచ్ మనిషికి ఫోన్ చేశాను. మా అమ్మ కేసు అని చెప్పాను. కొట్టమని చెప్పలేదు. కొట్టమనలేదు కాబట్టి నేను మంచివాణ్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అతని కోసం ఎవరొచ్చినా ములాఖత్ దొరకకుండా చూడమన్నాను. చూశాడు. తల్లి పొద్దున్నే వచ్చి పేరు రాయించుకుని క్యూలో నిలబడేది. ఒక వారం టైమ్ అయిపోయిందనేవాడు, ఒక వారం కాగితం సరిగా లేదనేవాడు. ఏడు నెలలు, అక్కా. నేను ప్రతి వారం ఫోన్ చేసి అడిగేవాణ్ని, ఈ వారం కూడా వచ్చిందా అని. వచ్చిందంటే నాకు ఆ రోజు తృప్తిగా ఉండేది.

నీకు నాలుగు పేజీలు నీతి రాసింది నేనే. అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

అతను రెండు దొంగతనాలు చేశాడని నువ్వు రాస్తే, సరే, నేను చేసింది ఊరికే పోలేదని సర్దుకుందామని చూశాను. కుదరలేదు. అతను దొంగైనా కాకున్నా, నేను వేసిన శిక్ష ఆ ముసలామెకు పడింది. ఆమె మీద ఏ కేసూ లేదు. నువ్వు చేసిన తప్పు నలుగురి ముందు బోనులో నిలబడి చెప్పుకున్నావు. నన్ను అడిగే కోర్టు లేదు. అందుకే ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు.

ఆమెకు ఉత్తరం రాయాలని ఉంది. అడ్రసు తెలిస్తే పంపు.

ఉపేందర్


నాచారం,
11 నవంబరు 2012

ఉపేందర్,

నీ ఉత్తరం బాపుకు చదివి వినిపించాను. వినిపించకూడదనుకున్నాను, కానీ ఈ ఇంట్లో చెప్పకుండా దాచుకున్నవి ఇక చాలు.

అంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "గా ముచ్చట ఆమె నాకు చెప్పింది. ఏడు నెలలు పోయి తిరిగొచ్చిన, కొడుకు మొఖం సూడనియ్యలె అన్నది. జైలోళ్ళు గట్లనే ఉంటరు తియ్యి అన్న నేను."

అంతే అని బయట మెట్ల మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు.

నాకు నీ మీద కోపం ఉంది. మార్చిలో నువ్వు రాసిన మాట కంటే దీనికే ఎక్కువ కోపం ఉంది. అది తగ్గుతుందని ఇప్పుడే రాయలేను. కానీ రాయొద్దని మాత్రం అనను.

అడ్రసు కోర్టు కాగితాల మీద ఉంది, దమ్మాయిగూడలోనే. పంపను. కౌసల్యమ్మకు చదవడం రాదు. నువ్వు రాసింది ఎల్లేష్ చదివి వినిపించాలి, అది నువ్వు అతనికి పెట్టే ఇంకో శిక్ష. నువ్వే రా. ఆదివారమైతే ఆమె ఇంట్లో ఉంటుందట. ఆమె ఏమంటుందో, తలుపు తీస్తుందో లేదో నాకు తెలియదు. నేను తోడు వస్తాను. బాపు కూడా వస్తానంటున్నాడు, నేను వద్దనలేదు.

యూనిఫాంలో మాత్రం రావద్దు.

అక్క